మా బావ ట్యూబ్ ఆంప్‌లో హమ్ పోగొట్టడానికి మూడు నెలలు పట్టింది: నా అనుభవం

మా బావ 2013లో న్యూజెర్సీ నుంచి మొత్తం సర్దుకుని వచ్చేసినప్పుడు సామాన్లతో పాటు ఒక చిన్న గిటార్ ఆంప్ (ఆంప్లిఫయర్) కూడా తెచ్చుకున్నాడు. 15 వాట్లది, అంతా వాల్వులే (ట్యూబులన్నా అవే), వెనకాల రెండు ఈఎల్84లు, అవి పవర్ వాల్వులు, ముందు మూడు 12ఏఎక్స్7లు, అవి చిన్నవి, 12 అంగుళాల స్పీకర్ ఒకటి, లోపల ప్రతిధ్వని ఇచ్చే స్ప్రింగ్ రివర్బ్. వచ్చిన ఆర్నెల్లకే హైదరాబాద్‌లో ఉద్యోగం, అక్కడి అపార్ట్‌మెంట్‌లో చోటు లేదని విజయవాడలో మా ఇంటి అటకెక్కించాడు. నాకప్పుడు పదిహేనేళ్ళు. అటకెక్కించే ముందు రోజు రాత్రి బావ దాని మీద ఓ గంట వాయించాడు, తీగ మీటి వదిలేస్తే ఆ శబ్దం గుండ్రంగా సాగుతూ సాగుతూ మెల్లిగా కరిగిపోయేది, అది నా చెవుల్లో అలా ఉండిపోయింది. నేను గిటార్ నేర్చుకున్నదే ఆ రాత్రి వల్ల.

2024 దసరాకి ఇల్లు దులుపుతుంటే మళ్ళీ కనపడింది. బావకి ఫోన్ చేస్తే "నువ్వే తీసుకోరా, వాయించేవాడి దగ్గరుంటేనే దానికి విలువ" అన్నాడు. అమెరికాది కాబట్టి 120 వోల్టులది, మన 230ని దానికి తగ్గట్టు దించడానికి దాంతో పాటే ఉన్న పాత స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ దుమ్ము దులిపి, గిటార్ పెట్టి, స్విచ్ వేసేశా. అర నిమిషానికి వాల్వులు ఎర్రగా వెలిగాయి, ఆ వెంటనే గుయ్య్‌మని మోత, హమ్ అంటారు, అది మొదలైంది. వాల్యూమ్ సున్నాలో ఉన్నా అంతే మోత, పక్క గదిలోంచి అమ్మ ఏంట్రా ఆ శబ్దం అని వచ్చింది. గిటార్ మీటితే దాని కింద ఆ శబ్దం బురదలా ఉంది, నేను పదకొండేళ్ళుగా గుర్తుపెట్టుకున్న సౌండ్ ఎక్కడో అడుగున చిక్కుకుపోయి ఉంది.

పదకొండేళ్ళు పక్కన పడున్న వాల్వు సెట్‌కి అలా నేరుగా ఫుల్ కరెంట్ ఇవ్వకూడదు, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది, ఇంట్లో ఇలాంటివి ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఒక్క ముక్క ముందే తెలుసుకోండి అని ఇక్కడే చెప్తున్నా.

ముందు ఊళ్ళోనే ఒక మ్యూజిక్ షాపులో రిపేర్లు చేసేచోట ఇచ్చా. వాళ్ళు చూసి వాల్వులు పాతబడ్డాయి, అందుకే హమ్ అని చెప్పి మూడు చిన్న వాల్వులూ కొత్తవి తెప్పించి వేశారు, పాతవి ఒక కవర్లో పెట్టి ఇచ్చారు. 3,500 అయింది. ఇంటికి తెచ్చి పెడితే అదే గుయ్య్, ఇంకా చెప్పాలంటే కాస్త ఎక్కువే. వాళ్ళ మీద నాకేం కోపం లేదు గానీ ఏ శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో చూడకుండా వస్తువు మార్చడం అనే పద్ధతే తప్పని ఇప్పుడు గట్టిగా అనిపిస్తుంది. ఆ పాత వాల్వులు పారెయ్యకుండా ఉంచడం మాత్రం తర్వాత చాలా పనికొచ్చింది.

అసలు మలుపు తెనాలిలో. నాన్న స్నేహితుడొకాయన ఉన్నారు, మేం రేడియో బాబాయ్ అంటాం, డెబ్బై దాటాయి, ఒకప్పుడు వాల్వు రేడియోలు బాగుచేసేవారు. మా తాతయ్య మర్ఫీ రేడియో వెనక అట్ట తీస్తే లోపల పెన్సిల్‌తో బాబాయ్ రాసిన రాతలు ఇప్పటికీ ఉంటాయి, ఏ తారీఖున ఏ కండెన్సర్ మార్చారు, హెచ్‌టీ, అంటే వాల్వులకిచ్చే ఎక్కువ వోల్టుల డీసీ, ఎంతుంది అని. ఫోన్‌లో విషయం చెప్తే ఆయన మొదట అడిగింది హమ్ గురించి కాదు. "గిటార్ తీగల మీద చెయ్యి పెడితే జిల్లుమంటోందా?" అన్నారు. అంటోంది. ముఖ్యంగా చెప్పుల్లేకుండా గచ్చు మీద నిలబడితే వేళ్ళలో చీమలు పాకినట్టు ఉంటోంది, నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. "ఐతే దాన్ని ముట్టుకోకు. నేను ఆదివారం వస్తా" అన్నారు.

వచ్చారు, చేతిలో ఒక రేకు డబ్బా, ఒక పాత సిరీస్ ల్యాంపు బోర్డు, అంటే కరెంట్ దారి మధ్యలో బల్బు పెట్టి కరెంట్‌ని అదుపులో ఉంచేది. ఆంప్ వైపు కూడా చూడకుండా ముందు స్టెప్‌డౌన్ చేతిలోకి తీసుకున్నారు. దాని గోడ వైపు ప్లగ్గుకి రెండు పిన్నులే. ఆంప్ పెట్టే వైపు సాకెట్‌కి మూడు రంధ్రాలు ఉన్నాయి గానీ ఆ మూడోది లోపల దేనికీ కలిపి లేదు, ఉత్త రంధ్రం. మల్టీమీటర్‌తో చూస్తే ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ మధ్య నేరుగా బీప్ వస్తోంది, అంటే అది ఆటో ట్రాన్స్‌ఫార్మర్, ఒకే వైండింగ్‌లోంచి మధ్యలో తీగ లాగి 120 ఇస్తోంది. అంటే ఆంప్ తయారుచేసినవాళ్ళు పెట్టిన మూడో పిన్ను, అంటే ఎర్త్, మా ఇంట్లో గాల్లో వేలాడుతోందన్నమాట. ఛాసిస్, అంటే లోపలి లోహపు చట్రం, దేనికీ ఆనుకుని లేక, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లీకయ్యే కొద్దిపాటి కరెంట్ ఛాసిస్ మీదకి, అక్కణ్ణుంచి కేబుల్ మీదుగా గిటార్ తీగల మీదకి, అక్కణ్ణుంచి నా వేళ్ళలోంచి నేలలోకి పోతోంది. ఛాసిస్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెడితే 60 చిల్లర వోల్టులు చూపించింది. లీకేజీ కాబట్టి కరెంట్ చాలా తక్కువ, అందుకే జిల్లుమని ఊరుకుంది, అదే లోపల ఎక్కడైనా ఫేజు తీగ ఊడి ఛాసిస్‌కి తగిలి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాదు.

ఇక్కడ ఒక మాట. హమ్ పోవాలంటే ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకెయ్ అని నాకు ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. రెండు పరికరాలు రెండు దారుల్లో ఎర్త్‌కి కలిస్తే ఆ లూపులో హమ్ వస్తుంది, ఒక ఎర్త్ తీసేస్తే ఆగుతుంది, అది నిజమే. కానీ ఆ పిన్ను ఉన్నది హమ్ కోసం కాదు, ప్రాణం కోసం. లూపు వస్తే రెండు పరికరాలూ ఒకే బోర్డులోంచి తీసుకోండి, లేదా మధ్యలో ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, ఎర్త్ మాత్రం తియ్యొద్దు. ఈ మాట బాబాయ్‌తో అంటే ఆయన మొహం ఎర్రబడింది, "ఆ చెప్పినోళ్ళని నా దగ్గరకి తీసుకురా" అన్నారు.

తర్వాత గోడ సాకెట్. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 232. ఫేజుకీ ఎర్తుకీ కూడా దగ్గర దగ్గర అంతే రావాలి, 140 దగ్గర ఊగుతోంది. అంటే ఇంటి ఎర్తే సరిగ్గా లేదు. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో ఎర్త్ గుంత తవ్వితే పైపుకి బిగించిన జీఐ తీగ క్లాంపు దగ్గర తుప్పు పట్టి దాదాపు తెగిపోయి ఉంది. ఉప్పూ బొగ్గూ కొత్తగా పోసి, క్లాంపు మార్చి, తీగ మార్చాడు. ఎండాకాలం వారానికోసారి గుంతలో నీళ్ళు పొయ్యమన్నాడు, మట్టి ఎండితే ఎర్త్ సరిగ్గా పనిచెయ్యదు, మా తాతయ్య పోసేవాడు, మేం మానేశాం. ఆ తర్వాత ఫేజుకీ ఎర్తుకీ 229, న్యూట్రల్‌కీ ఎర్తుకీ 2 వోల్టులు. ఒక గిటార్ ఆంప్ వల్ల ఇంట్లో ఫ్రిజ్జూ గీజరూ వాషింగ్ మెషీనూ అన్నీ ఇన్నాళ్ళుగా ఎర్త్ లేకుండా నడుస్తున్నాయని తెలిసింది, అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

స్టెప్‌డౌన్‌కి మూడు పిన్నుల కార్డు వేసి, ఎర్త్ తీగని నేరుగా అవుట్‌పుట్ సాకెట్‌కి కలిపాం. స్విచ్ వేస్తే హమ్ సగానికి సగం తగ్గింది, తీగలు ముట్టుకున్నప్పుడల్లా శబ్దం మారడం పూర్తిగా ఆగిపోయింది. మిగిలిన సగం మాత్రం కదల్లేదు.

అప్పుడు బాబాయ్ ఒక పని చెప్పారు, ఈ మొత్తంలో నేను నేర్చుకున్న పెద్ద సంగతి అదే. "ముందు కూర్చుని విను. ఏ స్వరంలో ఉందో చెప్పు." గిటార్ తీసి ఆరో తీగ మూడో ఫ్రెట్ మీటి చూశా, జీ, అంటే 98 హెర్ట్జ్. హమ్ దానికి కొంచెం పైన ఉంది. సరిగ్గా 100. మన కరెంట్ సెకనుకి 50 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది, రెక్టిఫయర్ ఆ రెండు వైపుల్నీ ఒకవైపుకి మడిచేస్తుంది కాబట్టి దాని తర్వాత వచ్చేవి సెకనుకి 100 పొంగులు. హమ్ 100లో ఉంటే పవర్ సప్లై వైపు చూడాలి. దాని కిందటి జీలో, 50లో ఉంటే వాల్వుల్ని లోపల వేడిచేసే హీటర్లు, ఎర్తింగు, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్, తీగల కదలికని పట్టే గిటార్ పికప్, ఇలా వేరే దారి. హమ్ కాకుండా బర్రుమని గరుగ్గా ఉంటే ఫ్యాన్ రెగ్యులేటర్, ఎల్ఈడీ డ్రైవర్, ఇన్వర్టర్ లాంటివి. మధ్యలో ఓసారి కరెంట్ పోయి ఇన్వర్టర్ మీదకి మారినప్పుడు అదే ఆంప్ ఎంత గరుగ్గా బర్రుమందంటే తేడా చెవికి ఇట్టే తెలిసిపోయింది, మాది ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ కాదు.

సరే 100. వాల్యూమ్ సున్నాలో పెట్టినా అదే, అంటే వాల్యూమ్ నాబ్ తర్వాతే ఎక్కడో పుడుతోంది. ఆఫ్ చేసి మొదటి వాల్వు పీకి మళ్ళీ ఆన్ చేశాం, అదే హమ్. రెండోది పీకాం, అదే. మూడోది, పవర్ వాల్వులకి శబ్దం అందించేది, ఫేజ్ ఇన్వర్టర్ అంటారు (ఇంటి ఇన్వర్టర్ కాదు), అది పీకితే దాదాపు ఆగిపోయింది. అంటే పవర్ వాల్వులూ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరూ బాగానే ఉన్నాయి, ఆ మూడో వాల్వుకి వెళ్ళే హెచ్‌టీలోనే మురికి ఉంది.

ఇక తెరవాలి. ఇక్కడ జాగ్రత్త. లోపల 300 పైచిలుకు డీసీ వోల్టులు ఉంటాయి, ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో నిలవుండిపోవచ్చు. బాబాయ్ పద్ధతి ఏంటంటే ప్లగ్ పీకడం, రెండు నిమిషాలు ఆగడం, తర్వాత 10 కిలోఓమ్ 5 వాట్ల రెసిస్టర్‌కి రబ్బరు తొడుగు క్లిప్పులు పెట్టి ప్రతి కెపాసిటర్‌నీ ఛాసిస్‌కి కలిపి పది సెకన్లు పట్టుకోవడం, ఆ తర్వాత కూడా నమ్మకుండా మీటర్ పెట్టి సున్నా దగ్గరకి వచ్చిందని చూసుకోవడం. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చెయ్యొద్దన్నారు. కరెంట్ ఉండగా కొలవాల్సి వస్తే ఎడమ చెయ్యి వీపు వెనక, ఒక్క కుడి చేత్తోనే పని, రెండు చేతులూ లోపల ఉంటే షాక్ గుండె మీదుగా పోతుంది. యాభై ఏళ్ళ నుంచీ అలాగే చేస్తున్నారాయన, ఆ ఎడమ చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంటుంది. ఇలాంటివి తెలిసినవాళ్ళు పక్కన లేకుండా ఈ పని మాత్రం చెయ్యకండి.

లోపల నాలుగు పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, బాబాయ్ భాషలో కండెన్సర్లు. ఒకటి 47 మైక్రోఫారడ్, మూడు 22లు, అన్నీ 450 వోల్టులవి. రెండింటికి కింద రబ్బరు బిరడా ఉబ్బి చుట్టూ గోధుమరంగు జిగురు కారి ఉంది. ఏసీ రేంజ్‌లో రిపుల్, అంటే డీసీలో మిగిలిపోయిన పొంగు, కొలిస్తే మొదటి కెపాసిటర్ మీద 13 వోల్టులు ఉంది, ప్రీఆంప్ వాల్వులకి, అంటే ముందున్న ఆ చిన్నవాటికి, వెళ్ళేచోట కొన్ని మిల్లీవోల్టులే ఉండాల్సింది 0.3 వోల్టులు ఉంది. ఆ 0.3ని ఫేజ్ ఇన్వర్టర్ తీసుకెళ్ళి పవర్ వాల్వులకి ఇస్తే అవి పెంచి స్పీకర్‌కి ఇస్తున్నాయి, అదే మా గుయ్య్.

నాకు అర్థమవ్వాలని బాబాయ్ చెప్పిన పోలిక ఇది. బోరింగ్ పంపు కొడితే నీళ్ళు ఒక్కో కొట్టుకి ఒక్కో పొంగు వస్తాయి, ఆ పొంగుల్ని నేరుగా కుళాయికి ఇస్తే కుళాయి కూడా ఎగిరెగిరి పడుతుంది, మధ్యలో తొట్టి ఉంటే తొట్టిలోంచి ధార సాఫీగా వస్తుంది. రెక్టిఫయర్ పంపు, కండెన్సర్ తొట్టి. ఎలక్ట్రోలైటిక్ లోపల ఉండే ద్రవం ఏళ్ళ తరబడి ఆరిపోతే తొట్టి చెంబంత అయిపోతుంది, ధారలో మళ్ళీ పొంగులు కనపడతాయి. వాడకుండా అటక మీద ఉంచేస్తే వేడికి ఆరడం ఒకటి, లోపల అల్యూమినియం మీద ఉండే సన్నటి ఆక్సైడ్ పొర పాడవడం ఇంకొకటి. అందుకే పాత సెట్లు మొదటిసారి సిరీస్ ల్యాంపు పెట్టి మెల్లిగా లేపాలి.

మార్చే ముందు రుజువు కూడా చూపించారు. ఆఫ్ చేసి, డిశ్చార్జ్ చేసి, డబ్బాలోంచి ఒక మంచి 22 తీసి పాతదాని పక్కన ప్లస్సుకి ప్లస్సు, మైనస్సుకి మైనస్సు క్లిప్పులతో తగిలించి, అప్పుడు ఆన్ చేశారు. హమ్ ధడాలున పడిపోయింది. ఆన్‌లో ఉండగా ఇలా తగిలించకూడదు, పెద్ద మెరుపొస్తుంది.

కెపాసిటర్లు బావే హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి కొని బస్సు పార్సిల్లో పంపాడు, 105 డిగ్రీలవి అడిగి తీసుకోమని బాబాయ్ చెప్పారు, 85 డిగ్రీలవైతే వాల్వుల వేడికి తొందరగా పోతాయని. నాలుగూ కలిపి 300 రూపాయలు కూడా కాలేదు. పాతవి తియ్యడమే కష్టమైంది, బోర్డు రెండువైపులా రాగి పట్టీలున్నది, ఐరన్ ఎక్కువసేపు పెడితే పట్టీ లేచిపోతుంది, ఒక్కో కాలూ వేడిచేసి లెడ్డు పీల్చి మెల్లిగా తీశా. ఒక చోట పట్టీ కొంచెం లేచింది, దానికి పక్కనుంచి చిన్న తీగ వేసి కలిపా. ప్లస్సు మైనస్సు మూడుసార్లు చూసుకున్నా, తిరగేసి పెడితే పేలుతుంది.

వాల్వులు లేకుండా 100 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేశాం. బల్బు ఒక్కసారి ధగ్గున వెలిగి వెంటనే మందగించింది, అంటే ఎక్కడా షార్ట్ లేదు. తర్వాత వాల్వులతో, తర్వాత నేరుగా. మొదటి కెపాసిటర్ మీద రిపుల్ 6కి వచ్చింది, ప్రీఆంప్ దగ్గర మిల్లీవోల్టులే. 100 హెర్ట్జ్ పోయింది. నిజంగానే పోయింది, ఆ క్షణం నేను కాసేపు ఏం మాట్లాడలేదు, బాబాయ్ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

అయితే పెద్ద శబ్దం పోతే దాని చాటునున్న చిన్నది బయటపడుతుంది. ఇప్పుడు కింద ఇంకో హమ్ వినపడుతోంది, లోతుగా, 50ది. వాల్యూమ్ సున్నాలో కొంచెం ఉంది, పెంచితే పెరుగుతోంది. పెరుగుతోందంటే అది వాల్యూమ్‌కి ముందు కూడా పుడుతోందని, అంటే మొదటి వాల్వు. ఆ షాపువాళ్ళు వేసిన కొత్తది. బాబాయ్ రేకు డబ్బాలో దూది చుట్టి దాచిన ఒక ఈసీసీ83 ఉంది, 12ఏఎక్స్7కి యూరప్ పేరు అది, మీద బీఈఎల్ (బెల్) అని ముద్ర, బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌ది. అలాంటివి అప్పట్లో రేడియోల కోసం ఇక్కడే చేసేవారు. మొదటి స్థానంలో అది పెడితే 50 హమ్ చాలావరకు పోయింది, అంటే ఆ కొత్త వాల్వులోనే హీటర్ నుంచి అది వేడిచేసే కాథోడ్‌కి లీకుంది. కానీ బెల్ వాల్వుని గోటితో తడితే స్పీకర్లో ట్రింగ్ మంటోంది, మైక్రోఫోనిక్, మొదటి స్థానానికి పనికిరాదు. అప్పుడు గుర్తొచ్చింది కవర్లో ఉన్న పాతవి. బావ వాడిన మొదటి వాల్వే మళ్ళీ పెట్టా. హమ్ లేదు, ట్రింగ్ లేదు. మొదటి నుంచీ బాగున్నదాన్నే తీసి పక్కన పెట్టాం. బెల్ దాన్ని మూడో స్థానంలో పెట్టాం, అక్కడ తర్వాత పెంచేది తక్కువ కాబట్టి ఆ ట్రింగ్ తెలియదు, ఇప్పటికీ అక్కడే ఉంది.

వాల్యూమ్ సున్నాలో మిగిలిన ఆ కొంచెం మాత్రం రెండు వారాలు తిప్పలు పెట్టింది. బాబాయ్ తెనాలి వెళ్ళిపోయారు, నేనొక్కణ్ణే. హీటర్ తీగలు సరిచూశా, సోల్డర్లు చూశా, ఏం లేదు. ఒక రాత్రి ఊడుస్తుంటే స్టెప్‌డౌన్‌ని పక్కకి జరిపా, హమ్ మారింది. ఇంకొంచెం జరిపా, తగ్గింది. నాలుగడుగుల దూరం పెడితే దాదాపు పోయింది. ఇన్నాళ్ళూ అది ఆంప్ వెనకే జానెడు దూరంలో ఉంది, దాని లోపలి ఇనప కోరులోంచి కారే అయస్కాంత క్షేత్రం నేరుగా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోకీ రివర్బ్ ట్యాంకులోకీ పోతోంది.

దాని అవుట్‌పుట్ కొలిస్తే రాత్రి లైన్ 245 ఉన్నప్పుడు 131 వోల్టులు ఇస్తోంది. వాల్వుల హీటర్లకి 6.3 రావాల్సింది 6.9 వస్తోంది, పది శాతం అటూ ఇటూ వరకే పర్లేదు కాబట్టి అది సరిగ్గా అంచు. దీనికి తోడు ఆంప్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ అమెరికా 60 హెర్ట్జ్‌కి చేసింది. అదే వోల్టేజ్ 50లో ఇస్తే కోరులో అయస్కాంత ఫ్లక్స్ 20 శాతం పెరుగుతుంది, వోల్టేజ్ కూడా ఎక్కువైతే ఇంకా పెరుగుతుంది, అందుకే ఆంప్ గంటకే చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. వోల్టేజ్ మారుస్తున్నాం కదా అనుకుంటాం గానీ స్టెప్‌డౌన్ ఫ్రీక్వెన్సీని మార్చదు, అమెరికా నుంచి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వస్తువులు తెచ్చుకునే మన వాళ్ళందరూ చూసుకోవాల్సిన సంగతి ఇది. వెనక 50/60 అని రాసి ఉంటే పర్లేదు, ఒక్క 60 అనే ఉంటే ఆలోచించుకోవాలి.

వన్‌టౌన్‌లో మోటార్లు వైండింగ్ చేసే ఒకాయన దగ్గరికి వెళ్ళి 230కి 115 ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్, రెండు వైండింగులు విడివిడిగా, 200 వీఏ, కోరు మాత్రం ఒక సైజు పెద్దది వెయ్యండి అని అడిగా. ఆయన అలాగే చేసి రేకు పెట్టెలో బిగించి ఎర్త్ తీగ ఇటు నుంచి అటు తెగకుండా వేసి ఇచ్చారు, 2,200. హీటర్లు 6.1కి వచ్చాయి, ఆంప్ వేడి తగ్గింది. రెండు మీటర్ల కార్డు పెట్టించి దాన్ని గది మూలకి పంపించేశా.

రివర్బ్ నాబ్ పెంచితే వచ్చే ఇంకో హమ్ ఉండేది, అది పది నిమిషాల పని, ట్యాంకు నుంచి వచ్చే కేబుల్ షీల్డు ప్లగ్గు దగ్గర విరిగి ఉంది, సోల్డర్ చేశా.

ఇక గిటార్. కేబుల్ పీకితే ఆంప్ నిశ్శబ్దం, గిటార్ పెడితే హమ్, నేను కుర్చీలో తిరిగితే ఆ హమ్ పెరుగుతూ తగ్గుతూ ఉంది. ఇది ఆంప్ తప్పు కాదు. నాది సింగిల్ కాయిల్ పికప్పులున్న గిటార్, ఒక్కో పికప్పూ అయస్కాంతం చుట్టూ వేల చుట్ల సన్న తీగ, గిటార్ తీగల కదలికతో పాటు గదిలోని ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రాన్నీ అది వింటుంది. దీనికి మందు కనిపెట్టినవాళ్ళలో పేరున్నవాడు గిటార్లు చేసే గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సేత్ లవర్, 1955లో పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు, 1959లో వచ్చింది. రెండు కాయిళ్ళు, ఒకదానికి ఒకటి తిరగేసిన చుట్లు, అయస్కాంత ధ్రువాలు కూడా తిరగేసి. బయటి హమ్ రెండింట్లో ఎదురెదురుగా వచ్చి కొట్టేసుకుంటుంది, తీగల శబ్దం మాత్రం కలుస్తుంది. హమ్ని బక్ చేసేది కాబట్టి హమ్‌బకర్. నాకు సింగిల్ కాయిల్ సౌండే ఇష్టం, మార్చలేదు. నా గిటార్లో మధ్య పికప్పు తిరగేసి చుట్టింది కాబట్టి స్విచ్ రెండో స్థానంలో, నాలుగో స్థానంలో రెండు పికప్పులు కలిసి అదే పని చేస్తాయి, అక్కడ హమ్ ఉండదు.

గిటార్ మీది పళ్ళెం (పిక్‌గార్డ్) తీసి లోపలి గూడంతా రాగి రేకు టేపు అంటించి గ్రౌండ్‌కి కలిపా. దాంతో ఫ్యాన్ రెగ్యులేటర్ బర్రు చాలా తగ్గింది, 50 హమ్ మాత్రం అంగుళం కూడా కదల్లేదు. రాగి రేకు ఎలక్ట్రిక్ ఫీల్డుని ఆపుతుంది గానీ 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని ఆపలేదు, టేపు అంటిస్తే అన్నీ పోతాయని అనుకోకండి. వాయించేటప్పుడు ఫ్యాన్ ఫుల్‌లో పెడతా లేదా ఆపేస్తా, మధ్యలో ఉంచను.

భోగి నాడు, 2025 జనవరి 13, బావా అక్కా పిల్లలూ అందరూ వచ్చారు, తెనాలి నుంచి బాబాయ్‌ని కూడా రమ్మన్నాం. బాబాయ్ గిటార్ పెట్టనివ్వలేదు, ముందు వాల్యూమ్ సగం వరకు తిప్పమని స్పీకర్ గుడ్డకి చెవి ఆనించి కూర్చున్నారు. "కొంచెం ఉందిరా" అన్నారు. నిజమే, చెవి పెడితే ఉంది, హీటర్లు ఏసీ మీద నడుస్తున్నంత కాలం ఆ మాత్రం ఉంటుంది. మూడడుగులు వెనక్కి వస్తే లేదు.

తర్వాత బావ వాయించాడు. తీగ మీటి వదిలేశాడు. అది సాగి, సాగి, కరిగిపోయింది, దాని కింద ఏం లేదు.

వెనక చెక్క బిగించే ముందు బాబాయ్ జేబులోంచి పెన్సిల్ తీసి నాకిచ్చారు. చెక్క లోపలివైపు రాశా: 13-1-25, కండెన్సర్లు 4 మార్చాం, హెచ్‌టీ 318, వి1 పాతది, వి3 బెల్. కింద ఆయన మా తాతయ్య రేడియోలో పెట్టినట్టే పొడి అక్షరాలతో సంతకం పెట్టి, స్క్రూలు నా చేతిలో పోశారు.